పూజగది తలుపు మీద మా కరపత్రం

నయా రాయపూర్‌లో ఒక కొత్త ఫ్లాటుకి గృహప్రవేశం. హోమం పొగ ఇంకా పోలేదు. పూజగది తలుపు ముందు జనం ఒకరి తర్వాత ఒకరు నిలబడి లెంపలేసుకుంటున్నారు. నేను ఆ వరసలో లేను, ఎప్పుడూ ఉండను. కాఫీ గ్లాసు పట్టుకుని పక్కగా నిలబడ్డాను. తలుపు మీది అక్షరాలు కంట్లో పడ్డాయి. అక్షరాలు కనబడితే చదవకుండా ఉండలేని జబ్బు నాది. చదివాను. నమ్మలేక మళ్ళీ చదివాను. గ్లాసు వంగి కాఫీ చొక్కా మీద పడుతున్న సంగతి పక్కవాళ్ళు చెప్పేదాకా నాకు తెలియలేదు.

తలుపు నిండా, పైనుంచి కింద దాకా, మా నాస్తిక సంఘం కరపత్రం ఉంది.

"ఓ సోదరా! ఈ తలుపు ముందు నిలబడి ఎవరిని పిలుస్తున్నావు? లోపల ఉన్నది నువ్వు బజారులో కొని తెచ్చిన బొమ్మ. నీ బిడ్డకు జ్వరం వస్తే పరిగెత్తేవి నీ కాళ్ళు. మందు ఇచ్చేది సాటి మనిషి. బొమ్మకు చెప్పుకున్న కష్టం గోడకు చెప్పుకున్నట్టే. తలుపు మూసి బయటికి రా. మనుషుల్లోకి రా."

నా యవ్వనంలో రాయపూర్ రైల్వే కాలనీలో మేము కొందరం కలిసి రాసి, అచ్చు వేయించి, చవితి పందిళ్ళ దగ్గర పంచిన కాగితం అది. దాన్ని పంచినందుకు మా మీద చెప్పులు పడ్డాయి. ఒకసారి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో దాని మీద చర్చ పెడితే కుర్చీలు విరిగాయి. ఇప్పుడదే కాగితం గోధుమరంగు అక్షరాలతో, పసుపు రంగు పలక మీద, చుట్టూ తీగలతో, దీపాలతో మెరిసిపోతోంది. దాని ముందు జనం కళ్ళు మూసుకుని దండం పెడుతున్నారు.

ఆ తలుపు చేసింది మా అమ్మాయి, నా మేనకోడలు.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే మా ఊరి ఇళ్ళలో బొమ్మలు ఎలా దూరాయో కొంచెం చెప్పాలి. రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయ్యాక ఇళ్ళు పెరిగాయి, ఇళ్ళకి తగ్గట్టు బీరువాలూ మంచాలూ పెరిగాయి. మొదట్లో సన్‌మైకా అంటే చెక్క రంగో, పాలరాయి రంగో ఉండేది. తర్వాత దేన్నయినా దేని మీదయినా ముద్రించే యంత్రాలు వచ్చాయి. అంతే, వంటింటి గోడ మీద కమలాపండ్లు, హాల్లో జలపాతం, పిల్లల బీరువా మీద విదేశీ గోపురం. సోఫా వెనక గోడకి ఏడు గుర్రాలు. ఆ గుర్రాలు ఇంట్లోకి పరిగెడితే ఐశ్వర్యం వస్తుందట, బయటికి పరిగెడితే పోతుందట. ఇంజనీరింగ్ చదివిన మనుషులు దిక్సూచి పట్టుకుని గుర్రాల మూతులు ఎటున్నాయో చూసుకోవడం నేను కళ్ళారా చూశాను. దాని మీద ఒక వ్యాసం కూడా రాశాను. గుర్రాలకి నా వ్యాసం వల్ల ఏ ఇబ్బందీ కలగలేదు.

నా మేనకోడలికి ఈ గుర్రాలంటే నాకన్నా అసహ్యం. నా కారణం వేరు, ఆమె కారణం వేరు. ఎవరో ఎక్కడో తీసిన ఫొటోని అందరి గోడలకీ అతికించడం ఆమెకి నచ్చదు. బొమ్మలు గీయడం చదువుకుంది. కొన్నాళ్ళు అగరొత్తుల పెట్టెలకీ, పచ్చడి సీసాలకీ బొమ్మలు గీసింది. తర్వాత ఉద్యోగం మానేసి మందిర్ హసౌద్ దారిలో ఒక షెడ్డు తీసుకుని సొంతంగా మొదలుపెట్టింది. ఇంటివాళ్ళతో మాట్లాడి, వాళ్ళ బతుకులోంచి బొమ్మ తీసి, వాళ్ళ సామాను మీద వేయాలన్నది ఆమె పట్టుదల. ఒక పెద్దాయన తిండిబల్ల మీద ఆయన పనిచేసిన స్టేషన్లన్నీ ఒక రైలు పట్టాలాగా చుట్టూ తిప్పి గీసింది. దేవేంద్ర నగర్‌లో మా పక్కింటి నర్సమ్మగారికి ఒక బీరువా చేసింది. ఆవిడది గుంటూరు జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, నర్సు ఉద్యోగం నుంచి రిటైరయింది. బీరువా తలుపు మీద లోపల ఏముందో అదే గీసింది మా అమ్మాయి: మడతపెట్టిన తెల్లచీరలు, వేడినీళ్ళ సంచి, వాటి మధ్య పడుకున్న పిల్లి. నర్సమ్మగారు చూసి, దొంగకి తెరిచి వెతికే శ్రమ కూడా తప్పించావు కదే అని నవ్వింది. ఆ బీరువా చూపించడానికే వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి టీ ఇచ్చేది.

అయినా షెడ్డు సరిగ్గా నడవడం లేదు. అందరికీ గుర్రాలే కావాలి. అలాంటి సమయంలో నయా రాయపూర్ నుంచి ఈ పని వచ్చింది. ఇంటాయన రైలు డ్రైవరు కొడుకు, మా తెలుగువాళ్ళే, అక్కడి ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తాడు. పూజగది తలుపు మీద ఏదైనా మన తెలుగుతనం కనబడాలన్నాడట. ఆ కాలనీలో అన్నీ కొత్త ఇళ్ళు. ఈ ఒక్క తలుపు నచ్చితే పది ఇళ్ళు తనని పిలుస్తాయని, నచ్చకపోతే షెడ్డు ఖాళీ చేసి మళ్ళీ పచ్చడి సీసాల దగ్గరికి పోవడమేనని మా అమ్మాయి నాతో చెప్పింది.

పాత తెలుగు అచ్చు కాగితాలు కావాలని నా దగ్గరికే వచ్చింది. నా దగ్గర ఒక మూట ఉంది. పెళ్ళి శుభలేఖలు, పంచాంగం ముక్కలు, పాత నాటకాల ప్రకటనలు, మా సంఘం కాగితాలు, అన్నీ కలిసిపోయి ఉంటాయి. మూట ఆమె చేతికిచ్చాను. ఆమె నేల మీద కూర్చుని ఒక్కొక్కటే వెలుగుకి పట్టుకుని చూసింది.

"ఎంత గోల్ గోల్‌గా ఉన్నాయి మావయ్యా," అంది. "హిందీ అక్షరాలు తాడు మీద ఆరేసిన బట్టల్లా ఉంటాయి. ఇవి చూడు, ఒక్కోటీ ఒక్కో గిన్నె."

ఆమెకి తెలుగు చదవడం రాదు. మా ఊళ్ళో ఆమె ఈడువాళ్ళలో ఎవరికీ రాదు. ఇంట్లో మాట్లాడతారు, అదీ మా విజయనగరం యాసలో సగం హిందీ కలిపి. బడిలో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అక్షరం వాళ్ళకి అమ్మమ్మ ఇంటి గుమ్మం మీది ముగ్గులాంటిది. చూడటానికే తప్ప చదవడానికి కాదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ, దాని అర్థం ఏమిటో గృహప్రవేశం రోజు దాకా నాకు తెలియదు.

ఆమెకి గుర్తు పట్టడం వచ్చిన తెలుగు గుర్తు ఒకే ఒక్కటి, ఓం. అమ్మమ్మ ఇంటి గడప మీద ఉండేది. మా కరపత్రం మొదట్లో అచ్చువాడు చెక్క అక్షరంతో ఒక పెద్ద ఓ కొట్టాడు, ఓ సోదరా అనే పిలుపుకి. సిరా పాకి, అంచులు అరిగి, ఆ అక్షరం నిజంగానే అందంగా ఉంటుంది. ఆమె దాన్ని చూసి ఇది ఓం, ఇది ఏదో స్తోత్రం అనుకుంది. సున్న లేదన్న అనుమానం ఆమెకి రాలేదు. సున్న ఉండాలని తెలిస్తే కదా. ఏది ఎంచుకుందో నాకు చెప్పకుండానే కాగితాన్ని పెద్దది చేసింది, వరసల మధ్య తీగలు పాకించింది, దీపాలు గీసింది. చేసిన పని అద్భుతంగా ఉంది. అది కూడా చెప్పాలి. మా మాటలు అంత అందంగా ఎన్నడూ కనబడలేదు.

ఆ రోజు తలుపు ముందు నేను బిగుసుకుపోయి నిలబడి ఉండగా పక్కన ఎవరో దగ్గారు. నర్సమ్మగారు. మా అమ్మాయి పని చూడ్డానికని ఆవిడా వచ్చింది. రోజూ తెల్లారి తెలుగు బైబిలు చదివే మనిషి. కళ్ళద్దాలు సర్దుకుని తలుపు కింద దాకా చదివింది. ఆవిడ భుజాలు కదలడం మొదలయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తమ్ముడూ," అంది మెల్లగా. "బొమ్మకి మొక్కొద్దని రాసుంది గదయ్యా దీని మీద."

"మెల్లగా," అన్నాను.

"ఎవరికి వినబడుద్దనీ. ఇంతమంది చూస్తన్నారు, ఒక్కళ్ళు చదవట్లా." చుట్టూ ఒకసారి చూసింది. నవ్వు ఆగిపోయింది. "ఏవయ్యా, ఈ ఇంట్లో తెలుగు చదివేది మనిద్దరవేనా?"

నేనూ చుట్టూ చూశాను. వచ్చినవాళ్ళలో సగానికి సగం మంది తెలుగువాళ్ళు, ఇక్కడే పుట్టి హిందీ బళ్ళలో చదివినవాళ్ళు. తెలుగులో పలకరించుకుంటున్నారు, తెలుగులో ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటున్నారు, పప్పులో ఉప్పు తక్కువైందని తెలుగులోనే వంటవాణ్ణి తిడుతున్నారు. తలుపు మీది తెలుగు మాత్రం వాళ్ళకి తీగలాగా, దీపంలాగా ఒక అలంకారం. దేవుడు లేడన్నవాడికీ, దేవుణ్ణి రోజూ ప్రార్థించే ఆవిడకీ తప్ప అక్కడ ఆ మాట ఎవరికీ అందలేదు.

ఇంకా ఘోరం భోజనాల దగ్గర విన్నాను. పురోహితుడు హిందీ ఆయన. తలుపుకి హారతి ఇచ్చి, దక్షిణాది మంత్రాలకి శక్తి ఎక్కువ అన్నాడట. వాస్తు చెప్పే ఆయన ఒకడు వచ్చాడు. ఈ అక్షరాలకి మూలలు లేవు, గుండ్రంగా ఉన్నాయి, కాబట్టి మంచి శక్తి ఇంట్లోంచి జారిపోదు అని అందరి ముందూ తేల్చి చెప్పాడు. అది విన్న ఇరుగుపొరుగు హిందీవాళ్ళు మా అమ్మాయి చుట్టూ మూగి, తమ ఇంటికీ అచ్చం ఇలాంటి తలుపే కావాలని, ఇదే మంత్రం వేయాలని అడిగారు. ఆమె మొహం వెలిగిపోతోంది. షెడ్డు నిలిచినట్టే.

ఆ వెలుగు చూస్తూ చెప్పడం కష్టమే. అయినా చెప్పాను. వంటింటి బాల్కనీలోకి పిలిచి, తలుపు మీద ఏముందో తెలుగులో చెప్పాను. ఆమె నవ్వింది, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది. నా మొహం చూసి ఆగింది.

"ఓం అని ఉంది కదా మావయ్యా."

"ఓం కాదు. ఓ. ఓయ్ అని పిలిచినట్టు."

ఆమె బాల్కనీ గోడ పట్టుకుంది. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, ఇది ఎవరైనా చదివారా అని. నేనూ నర్సమ్మగారూ అని చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. ఈ రోజుల్లో ఒక్క ఫొటో ఫోన్లలో తిరిగితే చాలు, షెడ్డు ముందుకి జనం వస్తారు, కావాలని చేశానంటారు, మేనమామ నాస్తికుడని తవ్వి తీస్తారు అంది. ఆమె భయంలో తప్పేమీ లేదు. చెప్పులు పడిన రోజుల్లో మా మీద పడినవి చెప్పులే. ఇప్పుడు ఏం పడతాయో నాకూ తెలుసు. అప్పటికి ఊరుకున్నాను.

ఊరుకోగలిగింది ఎక్కువ రోజులు కాదు. పక్క ఫ్లాట్లవాళ్ళు తలుపుల కొలతలు పంపించారని ఆమె చెప్పిన రోజు నాకు కోపం ఆగలేదు. పొరపాటున వేసింది వేరు, తెలిసి మళ్ళీ మళ్ళీ వేయడం వేరు, అది మోసం అన్నాను. మంత్రం కాదని తెలిసి మంత్రమని అమ్మేవాళ్ళని నేను జన్మంతా తిట్టాను, వాళ్ళ వరసలో నా మేనకోడలు నిలబడితే నా నోరు ఎక్కడ పెట్టుకోవాలని అడిగాను. ఆమె కూడా గట్టిగానే అంది, నీ నోటి కోసం నా షెడ్డు మూసుకోవాలా అని. రెండు రోజులు మా ఇంటికి రాలేదు. మూడో రోజు వచ్చి, ముందు ఇంటాయనకి చెప్పేస్తాను, నువ్వు పక్కన ఉండు చాలు, నువ్వు మాట్లాడొద్దు అంది. తలుపు పీకెయ్యమంటే పీకేస్తానని, అరిస్తే పడతానని తనే నిర్ణయించుకుంది.

ఆదివారం వెళ్ళాం. దారంతా నేను లోపల వాదన సిద్ధం చేసుకున్నాను. ఆయన కోప్పడితే ఏం చెప్పాలి, పరువు పోయిందంటే ఏం చెప్పాలి, అమ్మాయి తప్పు కాదు కాగితం నాది అని ఎక్కడ అడ్డుపడాలి. చర్చల్లో పెరిగిన మనిషిని. ఎదుటివాడి ప్రతి మాటకీ నా దగ్గర జవాబుంది.

మా అమ్మాయి నీళ్ళు కూడా తాగకుండా చెప్పేసింది. అది స్తోత్రం కాదని, దేవుడికి దండం పెట్టొద్దని చెప్పే కాగితమని, తనకి చదవడం రాక మొదటి అక్షరాన్ని ఓం అనుకున్నానని. ఒక్కొక్క వాక్యం తాత్పర్యం చెప్పింది. ఏదీ దాచలేదు. ఇంటాయన తలుపు వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. నేను కుర్చీలో ముందుకి జరిగాను.

"అంతేనా," అన్నాడు ఆయన. "నేనింకేటో అనుకున్నాను. చెదలు పడతాయంటారేమో అని."

"మీకు అర్థం కాలేదేమో," అంది మా అమ్మాయి.

"అయింది కదమ్మా. అర్థం ఎవరిక్కావాలి? వచ్చినోళ్ళందరూ బాగుందంటన్నారు. వాస్తు ఆయన కూడా ఓకే అన్నాడు. మా ఇంట్లో చదివేవోళ్ళు లేరు, రేపు పుట్టేవోళ్ళకీ రాదు. ఉండనీ, ఏటవుతాది, క్యా ఫరక్ పడ్తా హై."

నేను మాట్లాడకూడదన్న ఒప్పందం మరిచిపోయాను. "రోజూ దాని ముందు దీపం పెడుతున్నారు కదా," అన్నాను. "అది మిమ్మల్ని పెట్టొద్దంటోంది."

"అది అంటే మాత్రం మాకు వినబడతాదేటండీ?" అని ఆయన భార్య ఎంతో మర్యాదగా అంది. వేళాకోళం కాదు. నా చేతికి ఇంకో బిస్కట్టు అందించింది. "మీరు మాత్రం ఎవరికీ చదివి చెప్పకండి బాబుగారూ."

నా దగ్గర ఉన్న జవాబులన్నీ అలాగే ఉండిపోయాయి. కోపానికి జవాబుంది, భక్తికి జవాబుంది, భయానికి ఉంది. దీనికి లేదు. కుర్చీలు విరగ్గొట్టినవాళ్ళు మా కాగితం చదివి విరగ్గొట్టారు. వాళ్ళ మీద నాకు ఆ క్షణంలో ప్రేమ పుట్టింది.

ఇంటావిడ ఏదో ఆలోచించి మా అమ్మాయిని అడిగింది, ముందు మీరు దీన్ని ఓం అనుకున్నానన్నారు కదా, మరి ఓం కావాలంటే ఏం తక్కువైందని. మా అమ్మాయి ఉన్నమాట చెప్పింది, ఒక సున్న తక్కువ అని. ఆవిడ లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. వేలు ముంచి, తలుపు దగ్గర మునివేళ్ళ మీద లేచి, ఓ మీద గుండ్రంగా ఒక బొట్టు పెట్టింది. పక్కన కాదు, మీద. హిందీలో సున్న అక్షరం నెత్తిన పెడతారు. ఆవిడకి తెలిసిన సున్న అదే. వెనక్కి జరిగి చూసుకుని, ఇప్పుడు సరిపోయిందని దండం పెట్టింది.

తెలుగూ కాని, హిందీ కాని, ఓ కాని, ఓం కాని ఆ అక్షరాన్ని చూస్తూ నేను ఎంతసేపు కూర్చున్నానో. మా అమ్మాయే నా భుజం తట్టి లేపింది.

కిందికి దిగాం. ఆమె స్కూటీ దగ్గర నిలబడింది కానీ తాళం పెట్టలేదు. నయా రాయపూర్ రోడ్లు మీకు తెలియకపోవచ్చు. వెడల్పుగా, కొత్తగా ఉంటాయి, మనిషి కనబడడు. నీ షెడ్డుకి ఏమీ కాలేదు కదా, సంతోషించు అన్నాను, పైకి. ఆమె సంతోషంగా లేదు.

"నా దీపాలు కూడా ఎవరూ చూడలేదు మావయ్యా," అంది. "ఒక్కో దీపం ఒక్కోలా గీశాను. ఒకదాని ఒత్తి కాలిపోయింది, ఒకదాన్ని చీమ ఎక్కుతోంది. అక్షరాలు చదవలేదు సరే. బొమ్మ చూడ్డానికి చదువెందుకు?"

పక్క ఫ్లాట్లవాళ్ళకి ఈ తలుపు వేయనని, కావాలంటే వాళ్ళతో మాట్లాడి కొత్తది గీస్తానని, వద్దంటే పోనీ అని అంది. తర్వాత ఆ కాగితం ఫొటో తెరిచి తన ఫోన్ నాకిచ్చింది.

"పూర్తిగా చదువు. తాత్పర్యం కాదు, ఉన్నది ఉన్నట్టు."

ఆ ఖాళీ రోడ్డు మీద నిలబడి చదివాను. హాల్లో చదివినట్టే గొంతెత్తి చదివాను, అలవాటు. గేటు దగ్గర కాపలావాడు తల తిప్పి చూశాడు. ఆమె కళ్ళు చిన్నవి చేసి విన్నది. రెండో వాక్యం మళ్ళీ చదవమంది. చదివాను.

"ఇది తప్పు," అంది.

"ఏది?"

"బజారులో కొని తెచ్చిన బొమ్మ, అని అంత తేలిగ్గా ఎలా రాసేశారు? కొన్నవాడు కొన్నాడు. చేసినవాడు ఒకడుంటాడు కదా. వాడు మనిషి కాదా? మనుషుల్లోకి రా అని మీరే అంటున్నారు, ఆ బొమ్మలో ఉన్న మనిషిని గోడ అనేశారు."

నేను అది దేవుడి గురించి రాసింది, బొమ్మలు చేసేవాళ్ళ గురించి కాదు అన్నాను. అయితే దేవుడు అని రాయాల్సింది, బొమ్మ అని ఎందుకు రాశారు అంది. బొమ్మని బొమ్మ అనడంలో అవమానం ఎక్కడుందన్నాను. అనే తీరులో ఉందంది. ఆమె స్కూటీ తీసింది, నేను వెనక కూర్చున్నాను. మందిర్ హసౌద్ దాకా గాలిలో అరుచుకుంటూ వాదించుకున్నాం. నేను నా వాక్యం మార్చనన్నాను. ఆమె ఒప్పుకోలేదు.